ఇందుమతి ఇంటి తిండి

విజయభాస్కర్‌కు కిడ్నీలు దెబ్బతిన్నాయని నంద్యాల డాక్టరు చెప్పిన రోజున ఆయన భార్య ఇందుమతి అడిగిన మొదటి మాట, "మాకెట్లొచ్చింది సార్, మేం మాంసం ముట్టం కదా" అని.

డాక్టరు నవ్వలేదు. షుగరు పదిహేనేళ్ళుగా ఉంది, దానికి బీపీ తోడైంది, మాంసంతో దీనికి పని లేదమ్మా అన్నాడు. ఉప్పు బాగా తగ్గించమన్నాడు. ఏం తినాలో, ఏం తినకూడదో పక్క గదిలో షాలిని మేడమ్ చెబుతుంది, ఆమెను కలిసే వెళ్ళండని మరీ మరీ చెప్పాడు. పక్క గది ముందు ముప్పై మంది కూర్చుని ఉన్నారు. ఆళ్ళగడ్డ బస్సుకు వేళ మించిపోతోంది. కోమటింట పుట్టి, కోమటింట మెట్టి, ముప్పై ఏళ్ళుగా పొయ్యి దగ్గర నిలబడ్డదాన్ని, తిండి గురించి నాకొకరు చెప్పేదేమిటని ఇందుమతి మొగుణ్ణి లేవదీసి బస్సెక్కింది.

ఆ మాట ఆమె పైకి అనలేదు. అయినా ఆ రోజు ఆమె నడకలోనే అది కనబడింది.

ఆళ్ళగడ్డ మెయిన్ రోడ్డులో వాళ్ళకు కిరాణా అంగడి ఉంది. ఇల్లు అంగడి వెనకే. మరునాడే ఇందుమతి ఊరగాయ జాడీలన్నీ ఆడబిడ్డ భవాని ఇంటికి పంపేసింది. అప్పడాలు, వడియాలు వీధిలో పంచింది. మొగుడికి హోటల్ తిండి బంద్ అని ప్రకటించింది. అది చిన్న శిక్ష కాదు. పెళ్ళికి ముందు నుంచీ విజయభాస్కర్ పొద్దున్నే బస్టాండు దగ్గర శేషయ్య హోటల్లో ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తినందే అంగడి తలుపు తీసేవాడు కాదు. అట్లాంటి మనిషి, పెళ్ళాం వద్దంటే మారు మాట్లాడకుండా మానుకున్నాడు.

ఇక ఇందుమతి ఫోన్లో వీడియోలు చూసింది. చూసినవన్నీ చేసింది. నాలుగింటికే లేచి పాలకూర కడిగి, రుబ్బి, వడగట్టి ఆరున్నరకు గ్లాసు నిండా ఇచ్చేది. ఆయన తాగి గ్లాసు కింద పెట్టేదాకా ఎదురుగా నిలబడేది. పదకొండుకు కొబ్బరి నీళ్ళు. మధ్యాహ్నం మునగాకు పప్పు, మునగాకు పొడి, టమోటా చారు. సాయంత్రం రెండు అరటిపళ్ళు. ఉప్పు తగ్గించమన్నారు కదా అని తమ అంగట్లోనే అన్నిటికన్నా ఖరీదైన ప్యాకెట్ తెచ్చింది. సోడియం తక్కువ అని దాని మీద పెద్దక్షరాల్లో రాసి ఉంది. చప్పిడి తినలేక మనిషి చిక్కిపోతాడేమోనని దాన్ని రెండు చిటికెలు ఎక్కువే వేసేది.

వీధిలో ఆడవాళ్ళు ఆమెను చూసి ముచ్చటపడ్డారు. మొగుణ్ణి కాపాడుకోవడమంటే అట్లుండాల అన్నారు. ఇందుమతికి ఆ మాట తీపిగా ఉండేది. ఉండదా మరి? ఎనిమిది నెలలు ఒక్క పూట కూడా నాగా పెట్టలేదు ఆమె.

ఎనిమిది నెలల తర్వాత ఒక పొద్దున విజయభాస్కర్ అంగట్లో బియ్యం మూటకు చెయ్యి వేసి వంగాడు, మళ్ళీ లేవలేకపోయాడు. కాళ్ళలో సత్తువ లేదు. గుండె ఆగి ఆగి కొట్టుకుంటోందన్నాడు. నంద్యాల తీసుకుపోతే రక్తంలో పొటాషియం ప్రమాదంగా పెరిగిందని చెప్పి నాలుగు రోజులు పడుకోబెట్టారు.

ఇంటికి పంపే రోజు డాక్టరు మంచం దగ్గరకొచ్చి అడిగాడు. "ఏం తింటున్నారండీ మీరు?"

ఇందుమతి చెప్పడానికి సిద్ధంగా ఉంది. ఆమెకు ఆ జాబితా కంఠతా వచ్చు. కానీ నోరు తెరిచేలోపే విజయభాస్కర్ అందుకున్నాడు.

"తప్పు నాదే సార్. ఇంట్లో చప్పిడి తినలేక హోటల్లో తింటాండా. బజ్జీలు, ఉర్లగడ్డ బోండాలు, చట్నీలు."

డాక్టరు చేతిలో కాగితం మంచం మీద పడేశాడు. "ఇట్లయితే నేనేం చేయాల? ఇంత బాగా చూసుకునే భార్య ఉంది మీకు. ఇకమీద ఇంటి తిండి తప్ప ఇంకోటి ముట్టొద్దు."

ఇందుమతికి తల తీసేసినట్టయింది. బస్సు శిరివెళ్ళ దాటింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది చివరికి.

"ఎన్నాళ్ళయితే ఏముందిలే" అన్నాడాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ తర్వాత పది రోజులు ఆమె పంతం పట్టింది. పాలకూర గ్లాసు పొద్దునొకటి, సాయంత్రమొకటి చేసింది. డాక్టరే చెప్పాడు కదా ఇంటి తిండి తప్ప ముట్టొద్దని. విజయభాస్కర్ రెండూ తాగాడు. పదో రోజున మాత్రం ఆమెకు కోపం ఆగలేదు. తన కష్టం మీద బజ్జీలు పోసినవాణ్ణి నాలుగు కడిగేస్తే గానీ కడుపు చల్లబడదనుకుని, దేవళానికని బయలుదేరి నేరుగా శేషయ్య హోటల్‌కు పోయింది.

పది దాటింది, హోటల్లో జనం పలచబడ్డారు. శేషయ్య బాణలి ముందు నుంచి లేచి చేతులు తుడుచుకున్నాడు.

"ఏందీ వదినా, ఇట్లొస్తివి? అన్నకెట్లుంది?"

"అన్నకెట్లుందో నీకు తెల్దా? జబ్బు మనిషని ఊరంతా తెలుసు. దినామూ బజ్జీలు తినబెట్టి ఇప్పుడు ఎట్లుందని అడుగుతాండావా?"

శేషయ్య ఆమె ముఖంలోకి చూశాడు. వెటకారమేమోనని చూసినట్టున్నాడు, కాదని తెలిసి గొంతు తగ్గించాడు.

"వదినా, నేను పిల్లలుగలోణ్ణి, ఈ పొయ్యి మీద ఒట్టు. అన్న నా హోటల్లో తిని ఎనిమిది నెల్లైంది. వచ్చేది నిజమే. ఆ బయట బల్ల మీద కూచుంటాడు. బజ్జీలు ఏగే వాసన చూస్తాడు, నాతో నాలుగు మాటలు మాట్లాడి పోతాడు. ఒకనాడు నేనే మనసాగక ప్లేట్లో పెట్టి ఇస్తి. 'మీ వదిన నాలుగింటికి లేస్తాంది శేషయ్యా, ఆమెను మోసం చేసి నేను తినలేను' అని తోసేసినాడు. ఇంకో హోటల్లో కూడా తినడు, నాకు తెలుసు."

ఇందుమతి ఆ బయట బల్ల మీదే కూర్చుంది. శేషయ్య మంచినీళ్ళిచ్చాడు, ఆమె తాగలేదు. హోటల్లో తినలేదు. ఇంకెక్కడా తినలేదు. మరి ఎనిమిది నెలలూ ఆయన తిన్నది ఏమిటి? ఎవరి చేత్తో తిన్నాడు? ఇంత చిన్న లెక్క ఎవరైనా చెప్పగలరు. ఇందుమతికి చెప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆమె అంగడికి వచ్చేసరికి పదకొండైంది. విజయభాస్కర్ గల్లా దగ్గర కూర్చుని కొబ్బరిబోండాం ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఆమె వచ్చి అది లాక్కుంది.

"శేషయ్య దగ్గర నుంచే వస్తాండా" అంది.

ఆయనకు అర్థమైంది.

"నా మంచానికెదురుగా గోడ మీద బొమ్మల కాగితం ఒకటి అంటించినారు ఆసుపత్రిలో" అన్నాడు మెల్లగా. "కిడ్నీ జబ్బోళ్ళు తినకూడనివి. పాలకూర, కొబ్బరి నీళ్ళు, అరటిపండు, టమోటా. అన్నిటి మీదా ఎర్ర గీత కొట్టినారు. నాలుగు దినాలు పడుకోని అదే చూస్తి. నువ్వు దానికి వీపు పెట్టి కూచున్యావ్."

"చూసినోళ్ళు చెప్పొచ్చు కదా?"

"ఏమని చెప్పేది? నీ చేతి కూడే నన్ను ఈడికి తెచ్చిందని, అంతమంది ముందర చెప్పమంటావా? నువ్వు తట్టుకుంటావా అది?"

"తెలిసి కూడా ఈ పది దినాలు తాగినారా? ఈ పొద్దు కూడా తాగినారు."

"మెల్లగా మాన్పిద్దామనుకున్యా. నువ్వు ఎదురుగా నిలబడి చూస్తాంటివి. తాగకుండా ఎట్ల?"

ఇందుమతికి అప్పుడు వచ్చిన కోపం ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ రాలేదు. ఆయన మీద వచ్చింది, తన మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. అంగడి మధ్యలో నిలబడి గట్టిగా ఏడ్చింది. "నేను తట్టుకునేది తర్వాత. మీరు పోతే నన్ను ఎవరు చూస్తారు?" అంది. మనసు నొప్పించకూడదని మనిషి ఎంత దూరం పోతాడో ఆమెకు ఆ రోజే తెలిసింది. ఆ మంచితనం ఆమెకు ప్రేమగా అనిపించలేదు, భయంకరంగా అనిపించింది.

ఆమె లోపలికి పోయి గుడ్డ సంచిలో ఉప్పు ప్యాకెట్, మునగాకు పొడి డబ్బా వేసుకుంది. అంగడి మూయించింది. పన్నెండు గంటల బస్సుకు ఇద్దరూ నంద్యాల పోయారు.

ఈసారి పక్క గది ముందు నలభై మంది ఉన్నారు. ఇందుమతి వరసలో చివర కూర్చుంది. వాళ్ళ వంతు వచ్చేసరికి మూడైంది. షాలిని నలభై ఏళ్ళావిడ, కళ్ళజోడు, బల్ల మీద బైబిలూ పక్కన మందుల కంపెనీ క్యాలెండరూ. ఇందుమతి సంచి బల్ల మీద బోర్లించింది. తలుపు బయట జనం వింటూనే ఉన్నారు, ఆమె గొంతు తగ్గించలేదు.

"మా ఆయన హోటల్లో తిన్యాననింది అబద్ధం మేడమ్. ఒక్క దినం కూడా తినలేదు. ఎనిమిది నెలలు అంతా నా చేత్తో పెట్టిందే. ఇవీ నేను పెట్టినవి." ఒక్కొక్కటీ చెప్పింది, గ్లాసులతో సహా.

షాలిని ఓదార్చే రకం కాదు. ఉప్పు ప్యాకెట్ తిప్పి వెనక సన్నక్షరాల మీద వేలు పెట్టింది. "చూడమ్మా. సోడియం తగ్గించిన చోట పొటాషియం వేస్తారు. ఈ జబ్బుకు ఇది విషం. పాలకూర, మునగాకు, కొబ్బరి నీళ్ళు మంచివి కావని ఎవరన్నారు? ఆరోగ్యంగా ఉన్నోళ్ళకు మంచివే. ఆ మంచిలోనే పొటాషియం ఉంది, దాన్ని బయటికి పంపే శక్తి ఈయన కిడ్నీలకు లేదు."

"అయితే నేనే చేసినాను" అంది ఇందుమతి.

"తెలీక చేసినావు. జబ్బు తెలిసిన పొద్దే ఈ గది దాకా వచ్చి ఉండాల్సింది. మేం కూడా నిన్ను పోనీకుండా పిలిచి కూచోబెట్టాల్సింది." షాలిని కాగితం తీసుకుంది. "ఇప్పుడు రాసుకో."

కూరగాయలు చిన్నగా తరగాలి, ఎక్కువ నీళ్ళలో ఉడికించాలి, ఆ నీళ్ళు పారబోయాలి, తర్వాత తాలింపు. ఆ మాట దగ్గర ఇందుమతి కలం ఆగింది. పప్పు ఉడికిన నీళ్ళు కూడా పారబోయకుండా చారు కాచే ఇల్లు ఆమెది. బలమంతా ఆ నీళ్ళలోనే ఉంటుందని తల్లి చెప్పింది, తను కూతురు రక్షితకు చెప్పింది. అయినా రాసుకుంది. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ. తెల్లన్నం. మామూలు ఉప్పు, రోజంతటికీ ఒక చిన్న చెంచాలో సగం. బయట తినాల్సి వస్తే భయపడొద్దు, ఏం వేశారో అడిగి తినండి అంది షాలిని.

రక్తపరీక్షలో పొటాషియం మళ్ళీ పెరుగుతున్నట్టు తేలింది. ఇంకో వారం ఆగి ఉంటే స్ట్రెచర్ మీద వచ్చేవాళ్ళని డాక్టరు అన్నాడు. అది తగ్గడానికి పొడి మందు రాసిచ్చాడు, రెండు రోజుల్లో మళ్ళీ రమ్మన్నాడు. ఇందుమతి అడగాల్సింది అడిగింది. నేను పెట్టిన తిండి వల్ల ఎంత నష్టం జరిగింది అని. అది కొలిచి చెప్పలేమమ్మా అన్నాడు డాక్టరు. డయాలసిస్ ఎప్పటికైనా తప్పదు, జాగ్రత్తగా ఉంటే కొన్నేళ్ళు జరుపుకోవచ్చు, ఎన్నేళ్ళో చెప్పలేం అన్నాడు.

బయటికి వచ్చేసరికి నాలుగున్నర. మధ్యాహ్నం ఇద్దరూ ఏమీ తినలేదు. ఆసుపత్రి ఎదురుగా శాకాహార హోటల్ ఉంది. ఎనిమిది నెలలుగా మొగుణ్ణి హోటల్ గడప తొక్కనివ్వని ఇందుమతే ముందు లోపలికి నడిచింది.

సర్వర్ రాగానే ప్రశ్నలు మొదలుపెట్టింది. ఇడ్లీలో సోడా వేస్తారా, ఉప్పు ఎంత వేస్తారు, చట్నీలో ఏమేముంది. "ఇడ్లీనే కదమ్మా, ఇన్ని అడుగుతాండావే" అన్నాడతను. అడిగి తినమన్నారప్పా అంది ఆమె. అతను సాంబార్ బకెట్‌తో తిరిగి వస్తే మొగుడి ప్లేటుకు చెయ్యి అడ్డం పెట్టింది. తనకూ సాంబార్ వద్దంది. ఇద్దరూ వట్టి ఇడ్లీ చిటికెడు చట్నీతో తిన్నారు.

రెండో ఇడ్లీ సగంలో విజయభాస్కర్ ఆగిపోయాడు.

"ఇందూ, నాకు భయమైతాంది" అన్నాడు.

ఆ మాట ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. దగ్గొస్తే ఆమె దగ్గర మిరియాల కషాయం ఉండేది. నిద్ర పట్టకపోతే వేడి పాలు, అంగట్లో వ్యాపారం సాగక ముఖం వేలాడేస్తే రెండు బొబ్బట్లు. ఏ బాధకైనా ఏదో ఒకటి చేసి ముందు పెట్టడమే ఆమెకు తెలిసిన జవాబు. ఇప్పుడు పెట్టడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

"నాకు కూడా భయంగానే ఉండాది" అంది.

ఆయన తల ఊపాడు. "ఆ ఆసుపత్రి మంచం మీద నుంచీ ఉంది. ఎవరికీ చెప్పుకోలేకపోతి."

ఇందుమతి లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయన ఎంగిలి చెయ్యి ప్లేటు మీద అట్లాగే ఉంది. ఆమె దాన్ని పట్టుకుంది. సర్వర్ వచ్చి ఇంకేమన్నా తెమ్మంటారా అని అడిగాడు.

"ఏమీ వద్దప్పా. కొంచేపు ఈడ కూచుంటాం" అంది ఇందుమతి.