విలుకత్తెకు తగిలిన దెబ్బ

ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు ఎత్తెయ్యగానే ఆ ఇంట్లో భోజనాల బల్ల యుద్ధభూమి అయ్యేది. అది పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే ఊహల ఆట. నడిపేది రిటైరైన ఫిజిక్స్ లెక్చరరు. గుహలనూ రాక్షసులనూ కల్పించడం, రాక్షసుల తరఫున పాచికలు వెయ్యడం, తగువొస్తే తీర్పు చెప్పడం ఆయన పని. ఆయన కూతురూ, గడియారాలు బాగుచేసే బావమరిదీ చెరొక వీరుణ్ణి పట్టుకుని ఆ గుహల్లో తిరిగేవారు.

బావమరిది ఆడే విలుకత్తె నిజానికి అతని భార్యది. ఆమె పోయాక, ఆమె చేతిరాతతో పాత్ర శక్తులూ ప్రాణమూ రాసి ఉన్న కాగితాన్ని అలాగే పట్టుకొచ్చి, ఆమెలాగే ప్రతి తలుపు దగ్గరా "ముందు తట్టి చూద్దాం" అంటూ ఆడుతున్నాడు. బల్ల మీద విలుకత్తెకు గుర్తు ఒక ఇత్తడి గడియారపు చక్రం. పాత్ర చస్తే ఆడేవాళ్లే కాగితం చింపెయ్యాలన్నది అక్కడి ఆచారం. పెట్టింది లెక్చరరే.

ఆ రోజు ఆయన ఎంతో ముచ్చటపడి తయారుచేసుకున్న కొండరాక్షసుడు గద ఎత్తాడు. ఇరవై ముఖాల పాచిక మీద ఇరవై పడింది. దాన్ని క్రిటికల్ హిట్ అంటారు, దెబ్బ రెట్టింపు. దెబ్బ ఎంతో తేల్చే పాచికలు వేరే ఉన్నాయి, లెక్చరరు వాటినీ వేశాడు.

"పాచికల మీద తొమ్మిది, వాడి బలం ఆరు, వెరసి పదిహేను. రెట్టిస్తే ముప్ఫై," అన్నాడు లెక్చరరు.

"నా ప్రాణం ఇరవైయేడే బావా."

"అయితే పోయినట్టే."

కూతురు తలెత్తింది. "ఆగు నాన్నా. పోయినవారం మావయ్యకి ఇరవై పడితే, రెట్టించేది పాచికల్నే, బలం ఒక్కసారే కలపాలన్నావు. క్లాసు కూడా పీకావు."

పీకిన మాట నిజమే. ఆ లెక్కన ఈ దెబ్బ ఇరవైనాలుగు, విలుకత్తె బతుకుతుంది. లెక్చరరు చెవులు వేడెక్కాయి.

"అది ఆటగాళ్లకి. రాక్షసులకి మొత్తం రెట్టింపే," అన్నాడు. రూల్‌బుక్‌లో అలాంటి వాక్యం లేదని, ఆ మాట నోరు దాటకముందే ఆయనకు తెలుసు.

"ఏ పేజీలో ఉంది?"

"ఊరుకోవే," అన్నాడు బావమరిది. "మీ నాన్న చెప్పాడంటే ఉండే ఉంటుంది. నా షాపుకొచ్చి నా గడియారాలన్నీ తప్పని తేల్చిన మనిషి." కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు, చింపలేదు. "ఇంటికెళ్లి చింపుతాలే బావా. ఇక్కడ చెయ్యి రావట్లేదు." మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

కోరికకు తగ్గట్టు సాక్ష్యాన్ని వంచేవాళ్లను జీవితమంతా ఎద్దేవా చేసిన మనిషి లెక్చరరు. ఇప్పుడు తను వంచింది ఏ మహత్తర సిద్ధాంతం కోసమో కాదు, బొమ్మ రాక్షసుడి గద వృథా పోకూడదని. అంతకన్నా అల్పమైన కారణం వెతికినా దొరకదు. చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తాడు.

బావమరిది స్కూటరు తాళం తీస్తున్నాడు.

"ఒరేయ్, అది చింపకు. అలాంటి నియమం లేదు. నేనే అల్లాను."

"తెలుసు బావా. పోయినవారం నువ్వు క్లాసు పీకాక, ఇంటికెళ్లి ఆ పేజీ చదువుకున్నా."

"మరి నోరెందుకు మెదపలేదు?"

"కూతురి ముందు నీ తల వంగడం చూళ్లేక."

లెక్చరరుకు కాళ్ల కింద సిమెంటు చల్లదనం అప్పుడు తెలిసింది. పోయిన చెల్లెమ్మ చేతిరాతను ఇతను బావ పరువు కాపాడటానికి చింపబోయాడు.

"పైకి రా," అన్నాడు.

"ఇక్కడ చెప్పావుగా, చాల్లే."

"చాలదు. అబద్ధమాడింది బల్ల దగ్గర."

పైన కూతురు పాచికల్ని డబ్బాలో వేస్తోంది. లెక్చరరు కూర్చోలేదు. "నువ్వన్నదే సరి. రాక్షసులకి వేరే నియమం లేదు," అన్నాడు.

"మరి ఎందుకన్నావు?"

ప్రతి ప్రశ్నకూ మూడు భాగాల్లో జవాబు చెప్పే అలవాటున్న మనిషికి ఒక్క ముక్కే దొరికింది. "గెలవాలనిపించింది."

కూతురు పాచికల డబ్బా మళ్లీ తెరిచింది. తండ్రి ముఖం వైపు చూడకుండా, ఇత్తడి చక్రాన్ని తీసి గుహ మధ్యలో పెట్టింది. బావమరిది కాగితం విప్పి, మడత మీద బొటనవేలితో రుద్ది, మిగిలిన ప్రాణం పెన్సిలుతో మూడు అని వేసుకున్నాడు.

"కూర్చో బావా," అన్నాడు. "ఇప్పుడు మా వంతు."