సణుగుడు

ఆదివారమైనా షెడ్డు తెరిచారు. తెల్లవారకముందు నుంచి రొయ్యల తలలు తీసి, ఐసుకి కొంకర్లు పోయిన వేళ్ళతోనే రోజా చర్చికి వచ్చింది. సబ్బుతో ఎంత తోమినా నీచువాసన పోలేదు. ఆడవాళ్ళ వైపు చివరి వరసలో కూర్చుంది.

ముందు మాత్రం రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో పేట చుట్టూ రొయ్యల చెరువులు తవ్వించిన కాంతారావు. రెండోదాంట్లో బందరు నుంచి వచ్చిన ఆఫీసరు. చెరువుల ఉప్పు నేలలోకి ఇంకి, పేట బావి తాగడానికి పనికిరాకుండా పోయింది. పేటవాళ్ళు నోరు విప్పి చెప్తే బావి పక్క చెరువు పూడ్పిస్తానన్నాడు ఆఫీసరు. చెప్పేవాళ్ళేరి? పేటంతా ఆ చెరువుల మీదే బతుకుతోంది. రోజా మొగుడు మార్కు కూడా అక్కడే కాపలా. చర్చిలో నేలకి పలకలు పరిపించిందీ కాంతారావే.

"ఇశ్రాయేలీయులు నలభై ఏళ్ళు అరణ్యంలో ఎందుకు తిరిగారమ్మా? దారి తెలీకా? కాదు, సణిగారు," అన్నారు పాస్టరు జెకర్యా. "నీళ్ళు చేదన్నారు, మన్నా చప్పనన్నారు. సణిగినవాళ్ళు కనాను చూళ్ళేదు. ఈనాటి విశ్వాసికి అదే పాఠం. ఉన్నదానికి స్తోత్రం చెప్పుకోవాలి."

ఊరుకున్నంత ఉత్తమం లేదన్న సామెతకే ఆయన వాక్యం రంగు వేశారు. జెకర్యా చెడ్డవాడు కాదు. పేటలో ఎవరికి జబ్బు చేసినా ముందు వచ్చేది ఆయనే. కానీ కాంతారావు వేయిస్తానన్న చర్చి స్లాబు ఇంకా పడలేదు.

రొట్టె పంచే ఆదివారం ముందుగా ఒకరు లేచి దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఇవాళ రోజాని పిలిచారు. బావి పక్క ఇల్లు ఆమెదే మరి. ఏం చెప్పాలో మార్కు పొద్దున్నే షెడ్డు దగ్గరకొచ్చి చెప్పాడు. "బావి నీళ్ళకి స్తోత్రం అని కూర్చో. నా పని పోతే ఏం తింటామే?"

రోజా లేచింది. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు. పిల్ల ఒళ్ళంతా కురుపులు.

"వందనాలండీ. వాళ్ళు నడుచుకుంటా అరణ్యంలోకి వెళ్ళారండి. మేం ఎక్కడికీ వెళ్ళలేదు అయ్యగారూ. అరణ్యమే మా వాకిట్లోకొచ్చింది. ఆ చేదునీళ్ళ దగ్గర వాళ్ళు సణిగితే దేవుడు నీళ్ళు బాగుచేసిచ్చాడు కదండీ? బావి నీళ్ళు ఉప్పండి. నేను స్తోత్రం చెప్పలేను."

"అది వేరమ్మా. కూర్చో," అన్నారు జెకర్యా.

"ఇంకెవరైనా చెప్తారా?" అనడిగాడు ఆఫీసరు.

ఒక్కరూ తలెత్తలేదు. ఎవర్ని అని ఏం లాభం, అందరి పొయ్యిలూ ఆ చెరువు గట్టునే ఉన్నాయి. ఆఫీసరు లేచాడు. కాంతారావు మార్కు వైపు ఒకసారి చూసి, ఆయన్ని కారు దాకా సాగనంపడానికి వెళ్ళాడు.

రొట్టె పంచడం మొదలైంది. ముందు మగవాళ్ళకి, తర్వాత ఆడవాళ్ళకి. అందరికీ అందాక ఒకేసారి తినాలి. జెకర్యా వరసగా ఇస్తూ వచ్చి, రోజాని దాటి పక్కామెకి ఇచ్చారు. చాచిన చెయ్యి రోజా ఒళ్ళోకి తీసుకుంది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

పాస్టరుగారు ప్రార్థన చేసి తినమన్నారు. అందరూ తిన్నారు. మగవాళ్ళ వైపు మార్కు రొట్టెముక్కని అరచేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. మార్కు తినలేదు.