ఆమె చేతికి చుట్టని పట్టీ

వేంకటరమణమూర్తిగారు కోప్పడితే బరంపురంలోని ఆ ఇల్లంతా గొంతు తగ్గించేది. "నాన్నకి బీపీ" అంటూ కూతురు ప్రణతి టీవీ కట్టేసేది. భంజనగర్‌లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. ఆ ఇంట్లో కోపం, బీపీ ఎప్పుడో ఒకటే అయిపోయాయి.

రోజూ ఉదయం ఆయన చేతికి బీపీ మిషను పట్టీ చుట్టేది భార్య మాణిక్యాంబే. అంకె చూసి, మాత్ర ఇచ్చి, ఆయనకు ఉప్పు తగ్గించి వేరే కూర వండేది. అందరూ తిన్నాక తాను చద్దన్నంలో ఉప్పు కలుపుకుని, ఆవకాయ నంజుకునేది.

ఒక ఉదయం ఆమె నుదుటికి బామ్ రాసుకుంటూ కనిపించింది.

"మళ్ళీ తలనొప్పా? నువ్వూ ఓసారి సూసుకోమ్మా. మిషను ఇక్కడే ఉంది కదా" అంది ప్రణతి.

"నాకేటే బీపీ? కోపమొచ్చినోళ్ళకి కదా అది. ఈ ఇంటికి ఒక్కరి కోపం సాలు."

ప్రణతి నవ్వింది. పేపరు చాటున మూర్తిగారూ నవ్వుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన మంచినీళ్ళు అడిగారు. జవాబు రాలేదు. అందులో వింతేమీ లేదు. ఆమె ఎప్పుడూ జవాబు చెప్పదు, గ్లాసు తెస్తుంది, అంతే. కాబట్టి వంటింటి నిశ్శబ్దంలో తేడా ఆయనకు తెలియలేదు. గ్లాసు ఎంతకీ రాకపోయేసరికి విసుగ్గా లేచి వెళ్ళారు. ఆమె నేల మీద ఒరిగి ఉంది. మూతి ఒక పక్కకి పోయింది.

ఆస్పత్రిలో స్కాన్ చూసిన డాక్టరు, మెదడులో రక్తనాళం చిట్లిందన్నాడు. బీపీకి ఏం మందు వాడుతోందని అడిగాడు.

"ఆవిడకి బీపీ ఏటండీ? గట్టిగా మాటాడి ఎరగదు" అన్నారు మూర్తిగారు.

డాక్టరు అలసటగా కళ్ళు నులుముకున్నాడు. ఈ మాట అతనికి కొత్త కాదు. "బీపీ అంటే కోపం కాదు మాస్టారూ. ఓర్చుకునేవాళ్ళకీ వస్తుంది. ఏళ్ళ తరబడి బయటపడకుండా ఉంటుంది. కొలిస్తేనే తెలుస్తుంది. తెలిసుంటే మాత్రలతో అదుపులో పెట్టేవాళ్ళం."

ప్రాణం దక్కింది. మాట, కుడిచెయ్యి దక్కలేదు.

ఇప్పుడు ఉదయాలు మూర్తిగారే ఆమె ఎడమచేతికి పట్టీ చుడుతున్నారు. అది బిగుస్తున్నంతసేపూ ఆమె ముఖంలోకి చూస్తారు. "ఏటైనా అను మాణిక్యం. పోనీ, తిట్టు." ఆమె ఆయన వంక చూస్తుంది. ఆ చూపులో కోపం ఉందో లేదో, ఇన్నేళ్ళు కాపురం చేసీ ఆయనకు తెలియడం లేదు.

పాఠకులారా, మీ ఇంట్లోనూ ఆ మిషను ఉండవచ్చు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి చేతికి కూడా దాన్ని చుట్టి చూడండి.