"హేండోవర్ బావా!"

వీర్రాజుకి ఇంగ్లీషంటే మహా మోజు. వచ్చిన ముక్కలు గుప్పెడే అయినా, ఆ గుప్పెడూ పొద్దస్తమానం వాడేవాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి విశాఖపట్నం హార్బర్‌లో క్రేన్ ఆపరేటరై ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో అతని నోట బాగా నలిగిన మాట ఒకటుంది: హేండోవర్.

షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి క్రేన్ అప్పజెప్పడమన్నమాట. కొత్తగా చేరినవాళ్లని కూర్చోబెట్టి మరీ పాఠం చెప్పేవాడు. "ఇవ్వడం వేరు, హేండోవర్ చెయ్యడం వేరండోయ్. బిచ్చగాడికి చిల్లర వేస్తే అది ఇవ్వడం. దొంగని పట్టి పోలీసుల చేతికి అప్పజెబితే అది హేండోవర్. అద్దెకొచ్చినవాడికి తాళాలిచ్చి, కుళాయి కారుతోంది చూసుకోమని కూడా చెబితే, అదీ హేండోవర్. వస్తువుతోపాటు దాని మంచీచెడ్డా కూడా ఇచ్చెయ్యాలి. అవతలివాడు 'తీసుకున్నాను' అనేదాకా మీరు కాలు కదపకూడదు."

ఆ క్రేన్ల మీద ఆనవాయితీ కూడా అదే. కేబిన్‌లో ఎదురెదురుగా నిలబడి, యంత్రం ఏం పేచీ పెట్టిందో నోటితో చెప్పాలి. వచ్చినవాడు హేండిల్ మీద చెయ్యేసి "తీసుకున్నాను" అనాలి. ఆఖరికి ఆ మాట వీర్రాజు ఇంట్లోకీ దూరింది. భార్య భ్రమరాంబ చంటిదాన్ని పక్కింటి తాయారు చేతికిచ్చి, "హేండోవర్ చేసేశాను వదినా! పాలు తాగింది, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది, చూస్తుండు," అనేది. విని వీర్రాజు మురిసిపోయేవాడు.

అంత పాఠం చెప్పిన పెద్దమనిషి చేసిన నిర్వాకం వినండి.

డెబ్బై ఎనిమిది వేసవిలో ఓ శనివారం. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇనపగొట్టాల కట్ట ఎత్తుతుంటే బ్రేకు జారింది. జానెడు జారి పట్టుకుంది. రెండోసారీ అంతే. కేబిన్‌లో ఉండే షిఫ్టు పుస్తకంలో రాస్తే మెకానిక్కులు వస్తారు. వాళ్లు చూసి వెళ్లేదాకా రాసినవాడు అక్కడే ఉండాలి. రెండున్నరకేమో పూర్ణా మార్కెట్ దగ్గర సినిమా హాలు ముందు భ్రమరాంబ వచ్చి నిలబడుతుంది, మ్యాట్నీకి. "జానెడేగా, గవర్రాజుకి నోటితో చెబితే చాల్లే," అనుకుని, "అంతా బాగుంది" అని రాసి సంతకం పెట్టేశాడు.

గవర్రాజు తర్వాతి షిఫ్టువాడు, ఆనందపురం వైపు రైతుబిడ్డ. ఆ రోజు బస్సు దొరక్క, రెండింటి షిఫ్టుకి పది నిమిషాలు ఆలస్యమైంది. అప్పటికే వీర్రాజు కిందికి దిగి సైకిలెక్కేశాడు. దూరాన గవర్రాజు కనబడితే చెయ్యెత్తి, "హేండోవర్ బావా!" అని ఓ కేక పెట్టాడు. అతనూ నవ్వుతూ చెయ్యెత్తాడు. ఆగి చెప్పడానికి ఎంతసేపు? అర నిమిషం. ఆ అర నిమిషం కూడా దొరకలేదు మహానుభావుడికి!

ఇంటర్వెల్‌లో అతను గోళీసోడా తాగుతున్న వేళకి, అక్కడ గొట్టాల కట్ట పైనుంచి జెట్టీ మీద పడింది. కింద ఎవరూ లేరు, అదృష్టం. ఆ కుదుపుకి కేబిన్‌లో గవర్రాజు తల ఇనపచట్రానికి కొట్టుకుంది. పదకొండు కుట్లు పడ్డాయి.

నాలుగు రోజులు వీర్రాజు ఆస్పత్రి ఛాయలకి పోలేదు. అన్నం సయించలేదు. ఏమైందని అడిగిన భార్యని కసిరాడు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే గవర్రాజుది పోతుంది. అయిదోరోజు విచారణ చేసే ఆఫీసరు శ్రీరామ్మూర్తి గారు, ఇద్దరి మాటా ఒకేచోట వింటానని వీర్రాజుని ఆస్పత్రికే రమ్మన్నారు.

గవర్రాజు భార్య చిలకమ్మ అతన్ని చూడగానే, "అన్నయ్యొచ్చినాడు," అని కొంగుతో స్టూలు తుడిచి వేసింది. వీర్రాజుకి దాని మీద కూర్చోడానికి మొహం చెల్లలేదు.

"బ్రేకు అంతకుముందు నుంచే జారుతోందని మెకానిక్కులు తేల్చారు. వీర్రాజు నీకా సంగతి చెప్పాడా?" అని ఆఫీసరు అడిగారు.

గవర్రాజు కట్టు కట్టిన తల పట్టుకుని ఆలోచించాడు. "సెప్పే ఉంటాడు బాబూ. సెప్పకుండా దిగిపోయే మనిసి కాడు. మాకందరికీ ఆ పాఠం సెప్పిందే ఆడు. తలకి దెబ్బ తగిలింది కదా, నాకే గురుతు నేదు. తప్పు నాదేనని రాసుకోండి."

ఆఫీసరు కలం తీశారు. వీర్రాజు చెవులు భగ్గుమన్నాయి. చొక్కా పట్టుకుని నాలుగు తిట్టినా ఓర్చుకునేవాడే, ఈ నమ్మకాన్ని మాత్రం ఓర్చుకోలేకపోయాడు. అయినా, దాచడమెందుకు, ఊరుకుంటే బతికిపోతానని ఒక్క క్షణం అనుకున్నాడు కూడా. అలా అనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

"మీ బావకి మతి పోతోందేటోనని బయమేత్తంది అన్నయ్యా," అంది చిలకమ్మ కళ్లు ఒత్తుకుంటూ. "నాలుగు దినాలబట్టీ, నువ్వేటి సెప్పినావో గురుతు తెచ్చుకోవాలని ఒకటే ఇదైపోతన్నాడు."

"రాయకండి సార్!" వీర్రాజు గొంతు అతనికే కొత్తగా వినబడింది. "నేను చెప్పలేదండి. ఒంటిగంటకే తెలుసండి నాకు. సినిమాకి వేళైపోతోందని పుస్తకంలో అబద్ధం రాసి పోయానండి."

అతను మంచం దగ్గరికెళ్లి, షిఫ్టు మారేటప్పుడు నిలబడినట్టే గవర్రాజుకి ఎదురుగా నిలబడ్డాడు. "బావా, బరువెక్కువైతే బ్రేకు జారుతోంది. రెండుసార్లు జారింది. చూసి ఎత్తు," అన్నాడు.

గవర్రాజు చాలాసేపు అతని మొహంలోకి చూసి, భార్య వైపు తిరిగాడు.

"ఇన్నావేటే? నా మతి బాగానే ఉంది. నాను మర్సిపోనేదు," అన్నాడు.

ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆఫీసరు బయటికి రమ్మని రెండుసార్లు పిలిచారు. గవర్రాజు "తీసుకున్నాను" అనలేదని, వీర్రాజు అక్కడే నిలబడి ఉన్నాడు.