ఐదోవాడి జీతం

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. అలాంటివి చాలా చూశాంలే అని తీసిపారేయకండి. నా ముఖం మీద నిమిషానికి అరవై గళ్లు ఉండవు, వంద ఉంటాయి. ముల్లు ఒక చుట్టు తిరిగితే నిమిషమే, కాకపోతే ఆ నిమిషాన్ని నేను వంద ముక్కలు చేస్తాను. ఫ్యాక్టరీల్లో పని కొలిచేవాళ్లకు కూడికలూ భాగహారాలూ సులువవుతాయని నన్ను అలా చేశారు. చూసినవాళ్లు మాత్రం నాలో ఏదో లోపం ఉందనే అనుకున్నారు. నలభై ఏళ్లుగా ఈ అపనింద మోస్తున్నాను.

బెంగుళూరులో కన్నడం మాట్లాడే ఒకమ్మాయి నాకు స్ప్రింగు బిగించింది. పరీక్షలో పాసయ్యాక నన్ను డబ్బాలో పెట్టి ఏలూరులో ఒక జూట్ మిల్లుకు పంపారు. అక్కడ నా మొదటి యజమాని చయనులు గారు. ఎవరు ఏ పని ఎంతసేపు చేస్తున్నారో కొలవడమే ఆయన ఉద్యోగం. ఆ పనికి పెద్ద చదువుంది, దాన్ని ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ అంటారు. ఆయన నన్ను అట్టకు బిగించుకుని మగ్గం పక్కన నిలబడేవారు. దారం తెగితే ముడి వేయడానికి ఎంత, వంగి కండె తీయడానికి ఎంత, లేచి నడుం పట్టుకోవడానికి ఎంత, అన్నీ రాసేవారు. కండెల బుట్టను మోకాలి ఎత్తులో పెట్టించి ఆరువందల మందికి నడుం నొప్పి తప్పించారు. అంత మేధావీ ఇంట్లో కళ్లజోడు వెతుక్కోవడానికి రోజూ ఎంత తగలేసేవారో మాత్రం ఎన్నడూ కొలవలేదు. నేను జేబులోనే ఉండేదాన్ని, అడిగితే చెప్పేదాన్ని కదా.

మిల్లు మూతపడ్డాక బల్లలతో పాటు నన్నూ వేలం వేశారు. తణుకులో ఒక హైస్కూలు డ్రిల్లు మాస్టారు నన్ను కొనుక్కున్నారు. అక్కడ జరిగిన ఘోరం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒక పిల్ల వంద మీటర్లు పదిహేను సెకన్లలో పరిగెత్తితే నా ముల్లు ఇరవై అయిదో గడి దగ్గర ఆగుతుంది. మాస్టారు దాన్ని ఇరవై అయిదు సెకన్లు అని చదివేవారు. చదివి, పెళ్లి నడకలు నడుస్తున్నారని పిల్లలను తిట్టిపోసేవారు. మూడేళ్లపాటు ఆ స్కూలు నుంచి జిల్లా పోటీలకు ఒక్కరూ వెళ్లలేదు. ఆయనకు బదిలీ అయిన రోజు పొద్దున్న, బస్టాండు ఎదుటి టిఫిన్ బండి దగ్గర పెసరట్టు తిని, నన్ను బల్ల మీద మరిచిపోయి బస్సెక్కారు. నేనేమీ బాధపడలేదు.

ఆ బండి వీర్రాజుది. పిండి రుబ్బడం, చట్నీ చేయడం ఆయన భార్య మంగతాయారు పని. అట్టు వేయడం ఆయన పని. వాళ్లకు ఒక్కతే కూతురు, లిఖిత. నా కోసం ఎవరూ తిరిగి రాకపోయేసరికి ఆ పిల్ల బొమ్మనయ్యాను. ఆడుకుని ఆడుకుని ఇంటర్‌కొచ్చాక ఒకనాడు నా గళ్లు లెక్కపెట్టింది. కాలేజీలో ఫిజిక్స్ సారును అడిగితే "పాడైపోయిందమ్మా, పారెయ్" అన్నారట. లిఖిత పారేయలేదు. ఫోనులో వెతికింది. వంద గళ్ల గడియారం దేనికో తెలిసింది, అలాంటి గడియారం పట్టుకునేవాళ్లకు ఒక చదువుందనీ తెలిసింది. నలభై ఏళ్లలో నా గురించి తెలుసుకోవాలని అనుకున్న మొదటి మనిషి ఆ పిల్ల. ఆ రోజు నుంచి నేను ఆమె పక్షం. ఈ కథలో నేను నిష్పక్షపాతంగా ఉంటానని ఆశ పెట్టుకోకండి.

తెలుసుకున్నది ఊరికే ఉంచుకుంటుందా? వేసవి సెలవుల్లో నన్ను పట్టుకుని తండ్రి పక్కన నిలబడింది. వీర్రాజు ఒక్కో అట్టు తీశాక వెనక్కి తిరిగి, రెండడుగులు వేసి, చట్నీ గరిటె ముంచి తెచ్చేవాడు. అందుకు పదకొండు గళ్లు. కూతురు చూస్తోందని ఆ మహానుభావుడు చేతులు మరీ విసురుగా ఆడించాడు. "నాన్నా, మామూలుగా వెయ్యి, లెక్క తప్పుతాది" అని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. చట్నీ బకెట్టు అంత దూరం ఎందుకని అడిగితే, "మా నాన్నప్పుడు అక్కడే ఉండేదమ్మా" అన్నాడు. లిఖిత దాన్ని పెనం పక్కకు తెచ్చింది. రోజూ నిలబడి నిలబడి విసుక్కుని బస్సెక్కేసే ఓ పదిమంది ఇప్పుడు తిని ఎక్కుతున్నారు. వీర్రాజు మురిసిపోయి వచ్చినవాళ్లందరికీ బకెట్టు చూపించాడు.

మరి అంత మురిసిన మనిషి ఆ చదువే చదువుతానంటే ఒప్పుకోవాలి కదా. ఒప్పుకోలేదు. ఎంసెట్ ర్యాంకు వచ్చిన మర్నాడే ఒక ప్రైవేటు కాలేజీ పీఆర్వో స్వీటు డబ్బాతో దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చేతిలో రంగుల కాగితం. కాగితం నిండా నవ్వుతున్న పిల్లలు, పైన ఒక పెద్ద ప్యాకేజీ అంకె. ఆ అంకె అందులో ఒక్కడిదే, తక్కినవాళ్లు తోడు నవ్వుతున్నారు. "కంప్యూటర్స్ ఇప్పించే పూచీ నాదండి రాజు గారూ. కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు మీరు పెట్టుకోలేరు, తప్పు నొక్కితే పిల్ల జీవితం పోద్ది. హాల్‌టికెట్ నంబరూ పాస్‌వర్డూ ఇవ్వండి, మా వాళ్లే పెట్టేస్తారు" అన్నాడు. వీర్రాజు దణ్ణం పెట్టి మరీ ఇచ్చాడు. పెనం మీద గరిటె ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి, కూతురి నాలుగేళ్ల చదువు తాళాలు స్వీటు డబ్బా తెచ్చినవాడి చేతిలో పెట్టాడు. ఇలాంటివి మనుషులకే చేతనవుతాయి.

ప్రభుత్వం ఇచ్చే ఫీజు పోను అక్కడ హాస్టలు, బస్సు, ట్రైనింగ్ అని ఇంకోటి, అన్నీ కలిస్తే మునిసిపల్ మార్కెట్ వెనక ఉన్న వాళ్ల రెండు సెంట్ల స్థలం ధర. బండి పోయి గోడలున్న హోటలు రావాల్సిన స్థలం అది. మంగతాయారు అప్పటికే దానికి పేరు కూడా అనుకుంది. లిఖిత కోరింది ప్రభుత్వ కాలేజీలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్. అక్కడి ఫీజు వాళ్ల బండి మీద నెలన్నర మిగులు.

పోట్లాడలేదు ఆ పిల్ల. ఫోను ముందు కూర్చుంది. రెండు కాలేజీల నుంచీ పోయినేడు చదువు ముగించిన తొమ్మిదేసి మందిని పట్టుకుంది. అక్కా, అన్నా అని బతిమాలి జీతాలడిగింది. ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాసి నోట్‌బుక్ తండ్రి ముందు పెట్టింది.

"మొదటోణ్ణి చూడకు నాన్నా. మధ్యలో ఉన్నోడు ఐదోవాడు. ఆడికెంతొస్తందో చూడు."

ప్రైవేటు కాలేజీలో ఐదోవాడు ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. ప్రభుత్వ కాలేజీలో ఐదోది ఒకమ్మాయి. పెద్ద గోడౌనులో సరుకు ఏ అరలో ఉంటే ఎన్ని అడుగులు మిగులుతాయో చూసే పని, నెలకు ముప్పై ఆరు వేలు.

"మధ్యలోవాడితో మనకేంటమ్మా, నువ్వు మొదటిదానివవుతావు కదా" అన్నాడు వీర్రాజు.

"అందరి నాన్నలూ అదే అంటారు నాన్నా."

వీర్రాజు నోట్‌బుక్ మూసి పిండి గిన్నె అందుకున్నాడు. నేనైతే ఆశ వదులుకున్నాను.

ఆప్షన్లకు ఆఖరి రోజు, సాయంత్రం ఐదింటికి గడువు. నాలుగున్నరకు బండి మీద ఫోను మోగింది. చేతికి పిండి ఉందని వీర్రాజు స్పీకరు పెట్టాడు. పీఆర్వో. ఆప్షన్లు అన్నీ పెట్టేశాం, ఖాయం చేయాలంటే మీ ఫోనుకు నంబరొస్తుంది, అది చెప్పండి అన్నాడు. నంబరొచ్చింది. లిఖిత పక్కనే ఉంది. ఆమె గుప్పిట్లో నేనున్నాను, చెమటతో తడిసిపోయాను.

వీర్రాజు ఫోను వంక చూశాడు. "చెప్తానండి. ఒక్కమాటండి. పోయినేడు మీ కాలేజీలో కంప్యూటర్స్ అయినోళ్లని జీతాల వరసలో నిలబెడితే, మధ్యలో ఉన్నోడికి ఎంతొస్తందండి?"

లిఖిత వేలు నన్ను నొక్కింది. కావాలని కాదు, బిగుసుకుని. నేను పరిగెత్తాను. అయిదు గళ్లు. పది. అవతల ఎవరో దగ్గారు. ఇరవై. పెనం మీద అట్టు అంచులు లేచాయి. ఇరవై ఆరో గడి దగ్గర, "అలా మధ్యలో అంటే ఎలాగండి రాజు గారూ, మా టాపర్ని చూడండి" అన్నాడు.

"అట్టు మాడతందండి, ఉంటాను" అని వీర్రాజు ఫోను ఆపేశాడు. చేతులు తుడుచుకుని దాన్ని కూతురి చేతిలో పెట్టాడు. "అరగంటుంది. నీకేది కావాలో అది పైన పెట్టుకో. తప్పు నొక్కితే నొక్కు, నీ తప్పే కదా." లిఖిత పాస్‌వర్డ్ మార్చి, వాళ్ల ఆప్షన్లన్నీ తుడిచేసి, తనవి పెట్టుకుంది. నంబరు అడిగితే వీర్రాజు ఒక్కో అంకే గట్టిగా చదివాడు, బల్ల మీద తింటున్నవాళ్లంతా విన్నారు. నాకు సంతోషం పట్టలేదు. ముల్లు ఆపేవాళ్లు లేక అలాగే తిరుగుతూ ఉండిపోయాను.

సీటు వచ్చింది. ఆ వారమే ఒక ఉదయం, సరిగ్గా జనం ఎగబడే వేళ, ఎరువుల కొట్టు గుమస్తా ఒకాయన ఇడ్లీ తింటూ అడిగాడు. "అమ్మాయికి కంప్యూటర్స్ రాలేదంట కదా, పాపం." వీర్రాజు నవ్వి అట్టు తిరగేశాడు. గుమస్తా ఇడ్లీ తుంచుతూ, "మా ఓడికి రప్పిస్తానన్నాడండి పీఆర్వో గారు. మంచాయన. రేపు చివరి విడత కదా, పాస్‌వర్డ్ కూడా ఇచ్చేశాను" అన్నాడు.

వీర్రాజు గరిటె పక్కన పెట్టాడు. వంగి పొయ్యి ఆపాడు. నేను ఆ బండి మీదున్న పదేళ్లలో జనం ఉండగా ఆయన పొయ్యి ఆపడం అదే మొదలు. "లిఖితా, ఆ నోట్‌బుక్కు తేమ్మా" అని పిలిచి, తడి చేతులతోనే వచ్చి గుమస్తా ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. బండి చుట్టూ తొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకాయన బస్సు వెళ్లిపోయింది కూడా. ఎంతసేపు మాట్లాడాడో నన్నడగకండి. లిఖిత నన్ను జేబులో వేసుకుని, తండ్రి పక్కన కూర్చుని, పేజీ తిప్పి ఐదో పేరు చూపించింది.