ఏడవని పిల్ల

"ఏం మంచి పిల్లమ్మా! చప్పుడే లేదు" అంది పక్కింటి బక్కమ్మ, గడప దగ్గరి నుంచే లోపలికి తొంగి చూస్తూ.

దేవరకొండ దగ్గరి ఆ చిన్న ఊళ్లో, గొర్రెల మల్లేశ్ ఇంటికి పొద్దున్నుంచి వచ్చిన ఆడవాళ్లందరిదీ అదే మాట. పుట్టి రెండు రోజులు. ఏడుపు లేదు, పేచీ లేదు. నానమ్మ లక్ష్మీనర్సమ్మకైతే కాళ్లు నేల మీద నిలవడం లేదు. మనమూ అంతే కదా! పసిపిల్ల ఏడవకపోతే బుద్ధిమంతురాలని మెచ్చుకుంటాం. ఎందుకు ఏడవడం లేదని అడిగేవాళ్లు మనలో ఎంతమంది?

అడగాలనిపించింది మల్లేశ్ ఒక్కడికే. కానీ పురుడు తీరేదాకా తండ్రి బిడ్డను ముట్టరాదని ఆ ఇంటి కట్టడి. భార్య సుమనకు తల్లి లేదు, అందుకే తొలి కాన్పయినా అత్తగారింటి నుంచే దవాఖానకు తీసుకుపోయారు. ఇప్పుడు ఆమె లేవలేకుండా ఉంది. తల్లి కసిరినా వినకుండా బిడ్డ గుడ్డలు ఉతికే పని మల్లేశ్ తన మీద వేసుకున్నాడు. అతని గుండెలో గుబులు పుట్టించింది ఆ పనే. పొద్దున్నుంచి ఉతకడానికి ఒక్క తడిగుడ్డ కూడా రాలేదు.

"సుమనా, పాలు తాగిందా?" గుమ్మంలోంచే అడిగాడు.

"అత్తమ్మ వద్దంటాంది. పచ్చగున్నయంట, మూడు దినాలు పిండి పారబొయ్యాలంట. చక్కెర నీళ్లే పడ్తాంది" అంది సుమన నీరసంగా.

"దవాఖానల నర్సు తాపమన్నది గదా?"

"ఆమె ముందట సరే అన్నంలే" అంటూ లక్ష్మీనర్సమ్మ అడ్డొచ్చింది. "గా పాలు అరగవురా. తెల్లపాలు పడినంక తాగుతది. మొగోనివి, నీకెందుకు గివన్ని? పో, దొడ్డిల గొర్రె ఈనుతాంది."

పోయాడు. గొర్రె అప్పటికే ఈనింది. తడితడిగా ఉన్న పిల్ల లేవబోయి పడుతోంది. తొలిచూలు గొర్రె, పిల్లను దగ్గరికి రానివ్వకుండా తన్నుతోంది. మల్లేశ్ చూస్తూ నిలబడ్డాడే గానీ అతని మనసు ఇంట్లోనే ఉంది. వెనకే వచ్చిన తల్లి ఒక్క కసురు కసిరింది.

"చూసుకుంట నిలబడ్డవేందిరా? కాళ్లు పట్టు! ముర్రుపాలు కడుపుల పడకుంటే పొద్దుగూకేసరికి పిల్ల మెడ వాలేస్తది!"

మల్లేశ్ గొర్రెను పట్టుకున్నాడు. ఆమె పిల్లను పొదుగు దగ్గరికి తెచ్చి, చన్ను పిండి నోటికందించింది. చిక్కటి పాలు పిల్ల మూతికి పచ్చగా అంటుకున్నాయి. మల్లేశ్ వంగి ఆ మూతినే చూశాడు.

"అమ్మా, గివి గూడ పచ్చగనే ఉన్నయి."

"ముర్రుపాలు పచ్చగుండక నల్లగుంటయా?"

"మరి నా బిడ్డయి ఎందుకు పారబోస్తున్నవే? మందల అరవని పిల్లుంటే మంచిదని మురుస్తమా? ముందుగాల దాన్నే చూస్తం గదా!"



మల్లేశ్ జవాబు కోసం ఆగలేదు. చేతులు సబ్బుతో కడుక్కుని గదిలోకి పోయి బిడ్డను మొదటిసారి ఎత్తుకున్నాడు. అరికాళ్లు చల్లగా ఉన్నాయి. వేలితో తట్టినా కళ్లు తెరవలేదు. అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆశా కార్యకర్త శైలజకు ఫోన్ చేశాడు.

"అన్నా, బిడ్డను సుమన ఎదకు ఆనిచ్చి మీద దుప్పటి కప్పు. ఈపు రుద్దుండ్రి, కదిలితే రొమ్ము అందియ్యుండ్రి. బలిమిన ఏం పొయ్యకుండ్రి. 108కు నేను చెప్తున్న, వస్తున్న."

బండి వచ్చేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా మల్లేశ్ బిడ్డ వీపు మీద నుంచి చెయ్యి తీయలేదు. దవాఖానలో పరీక్ష చేసిన డాక్టరమ్మ, బిడ్డకు ఒంట్లో చక్కెర పడిపోయిందనీ, ఇంకా ఆలస్యమైతే తన చేతిలో కూడా ఉండేది కాదనీ చెప్పి లోపలికి తీసుకుపోయింది.

సుమన కూడా బిడ్డ వెంట లోపలికే పోయింది. వరండాలో తల్లీకొడుకులు మిగిలారు. లక్ష్మీనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకన్న ముందల ఒగ పిలగాడు పుట్టిండు గదరా. నాలుగో దినం పోయిండు. గాలి సోకిందన్నరు. వాడు గూడ ఏడ్వలే. మంచి పిలగాడని నేనే అందరికి చెప్పుకున్న."

మల్లేశ్ కోపమంతా ఎటు పోయిందో! తల్లి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. చీకటి పడే వేళకు లోపలి నుంచి సన్నగా ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు విని తండ్రి కూడా ఏడ్చాడు.

పురుడు నాడు ఇల్లంతా ఆడవాళ్లే. నానమ్మ ఒళ్లో బిడ్డ పాల కోసం ఇల్లెగిరిపోయేలా అరుస్తోంది. "అబ్బో, ఏం గొంతమ్మా! జర ఊకోబెట్టు" అంది బక్కమ్మ. వెంట వచ్చిన ఆమె కోడలికిప్పుడు ఏడో నెల.

"ఏడ్వనియ్యి బక్కమ్మా, ఆకలైతాందని చెప్తాంది" అంటూ లక్ష్మీనర్సమ్మ బిడ్డను సుమనకు అందించింది. తర్వాత బక్కమ్మ కోడలి వైపు తిరిగి, అందరూ వినేలా అంది.

"ఇన్నేండ్లల్ల గొర్రెపిల్లకు ఎన్నడు తప్పియ్యని ముర్రుపాలు, నా కడుపున పుట్టినోనికి నా చేతులతోనే పారబోసిన. నువ్వు నా మాట గూడ ఇనకు బిడ్డా, మీ అత్త మాట గూడ ఇనకు. పుట్టినంక గంట తిరగకముందే రొమ్ముకు ఆనిచ్చుకో."