ఒకే రూటు, రెండు బండ్లు

ఆసుపత్రిని ఊరి నడిబొడ్డు నుంచి బైపాసు అవతలికి మార్చినప్పుడు మంచాలు మార్చారు, యంత్రాలు మార్చారు, గోడ గడియారాలు సైతం మార్చారు. బస్సును మార్చడం మాత్రం మర్చిపోయారు. ప్రభుత్వ బస్సు పాత ఆసుపత్రి గేటు దాకా వచ్చి, ఎక్కేవాళ్లు లేకపోయినా కాసేపు గుర్రుమంటూ నిలబడి, వెనక్కి తిరిగేది. కొత్త ఆసుపత్రిలో పనిచేసే నర్సులు, ఆయాలు, వంటవాళ్లు అక్కడ దిగి లారీల రోడ్డు వెంట చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచేవాళ్లు.

ఆ నడిచేవాళ్లలో ఆసుపత్రి దుప్పట్లు ఉతికే గదిలో పనిచేసే ఒకామె ఉండేది. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆమె తండ్రి వదిలిపోయిన పాత వ్యాను ఉంది. ఆయన దాంట్లో కోళ్లఫారాలకు దాణా తోలేవాడు. కూతురికి పెళ్లి కాకముందే నడపడం నేర్పాడు. మొదటి వానాకాలం గడిచేసరికి ఆమెకు ఓపిక నశించింది. బ్యాటరీ మార్పించి, వెనక రెండు బల్లలు బిగించి, ఒక పొద్దున పక్కింటి నర్సును ఎక్కించుకుని బయల్దేరింది. కొన్నాళ్లకు వ్యాను నిండింది. ఇంకొన్నాళ్లకు దుప్పట్ల పని మానేసింది. అందరూ ఆమెను డ్రైవరమ్మ అనడం మొదలుపెట్టారు.

అలా ఎండాకాలం దాకా బాగానే సాగింది. ఒకరోజు బైపాసు మలుపులో రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి బండి ఆపాడు. కాగితాలన్నీ చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఈ రూటు ప్రభుత్వ బస్సుదమ్మా" అన్నాడు.

"ఆ బస్సు ఇటు రాదు కదండీ."

"రాకపోయినా రూటు దానిదే."

వ్యాన్లో ఉన్న నర్సులు దిగి నడక సాగించారు. వ్యాను రవాణా శాఖ ఆవరణలోకి వెళ్లింది.

ఆ ఆఫీసులో సూపరింటెండెంటు ఆమెకు పరాయివాడు కాదు, భర్తకు సొంత అన్నయ్య. లంచం ముట్టని మనిషి. చెల్లెలి పెళ్లిరోజున కూడా సెలవు పెట్టకుండా ఆఫీసుకు వెళ్లొచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. డ్రైవరమ్మ వెళ్లేసరికి ఆయన ఫైళ్ల గుట్టల మధ్య కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. టేబులు మీది అద్దం ఓ మూల పగిలితే దానికి టేపు అంటించారు. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా ప్రతి గుట్ట మీదా ఒక రాయి పెట్టారు.

"కూర్చో అమ్మా. నీ మీద బస్సు డిపోవాళ్లు రాసింది చదివాను" అన్నాడాయన. "ప్రయాణికుల భద్రతకు ముప్పు. ఎక్కడ పడితే అక్కడ ఆపడం. ఇంకొకరి రూటు మీద బతకడం."

"బావగారూ, నేనెప్పుడైనా ఎక్కడ పడితే అక్కడ ఆపానా? మీ తమ్ముడు కూడా రోజూ అందులోనే పనికి పోతున్నారు. ఆయన్నే అడగండి."

"నువ్వు ఆపావో లేదో నాకెలా తెలుస్తుంది? రాసి ఉంది. ఒక పని చెయ్యి, పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకో."

"పెడితే ఇస్తారా?"

"ఆ రూటులో ఇప్పటికే బస్సు ఉంది కనక ఇవ్వం."

"మరి పెట్టడం దేనికండీ?"

"పెట్టకపోతే కాదనడానికి వీలుండదు కదమ్మా." ఆ మాట ఆయన ఎగతాళిగా అనలేదు. ఎంతో ఓపికగా, చిన్నపిల్లకు ఎక్కం నేర్పినట్టు చెప్పాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. అయినా దరఖాస్తు పెట్టుకుని ఇంటికి నడిచి వచ్చింది.

ఇంట్లో ఆమె తమ్ముడు కాచుకుని ఉన్నాడు. అతను కాలేజీలో ఆర్థికశాస్త్రం లెక్చరరు. మనిషి మంచివాడే గాని, మాట మొదలుపెడితే ఎదుటివాళ్ల టీ చల్లారి పైన మీగడ కట్టేది.

"అక్కా, అసలు ప్రభుత్వం పని ఏంటి? ఒకడు ఇంకొకడి గొంతు పట్టుకోకుండా చూడటం. అంతే. నువ్వు ఎవరి గొంతు పట్టుకున్నావు? వాళ్లకి బండి కావాలి, నీ దగ్గర బండి ఉంది. మీరిద్దరూ ఒప్పుకున్నాక మధ్యలో మూడోవాడికి ఏం పని?"

"బండి ఎలా విడిపించాలో చెప్పరా."

"ఇక్కడ బండి కాదక్కా ముఖ్యం. సూత్రం."

"జనాన్ని నీ సూత్రం మీద ఎక్కించుకుని తీసుకెళ్లలేను కదరా."

ఆసుపత్రి బాయిలరు గదిలో పనిచేసే ఆమె భర్త, తక్కువ మాటల మనిషి, గోడకు ఆనుకుని అంతా విన్నాడు. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. ఇంతే కదా మీరిద్దరూ చెప్పేది" అని లేచి వెళ్లి పడుకున్నాడు.

తమ్ముడు ఊరుకోలేదు. పత్రికలో వ్యాసం రాశాడు. అందులో అక్కను స్వేచ్ఛా విపణికి సేనాని అన్నాడు. అది చదివిన కూరగాయల కొట్టువాడు ఆమెను చూసినప్పుడల్లా నవ్వు ఆపుకునేవాడు. వ్యాసం వల్ల ఏమీ జరగలేదు. జరిగిందల్లా నర్సుల వల్ల జరిగింది. పొద్దున డ్యూటీకి వాళ్లు రోజూ ఆలస్యంగా వస్తుంటే ఆపరేషన్లు వెనక్కి జరిగాయి. పెద్ద డాక్టరు ఆ సంగతి ఎవరికో పైవాళ్లకు ఫోన్లో గట్టిగా చెప్పాడు. అప్పటిదాకా కుదరనిది కుదిరింది. వ్యాను బయటికొచ్చింది, దాంతో పాటు పర్మిట్ కూడా.

"ఈ రూటులో ప్రైవేటు బండికి అనుమతి ఒక్కటే. అది నీదే. ఇక నిన్ను ఎవరూ కదపలేరమ్మా" అన్నాడు బావగారు, తన చేత్తోనే ముద్ర వేస్తూ.

తమ్ముడు మాత్రం మొహం మాడ్చుకున్నాడు. నీ హక్కును నీకే దానంగా ఇచ్చారు, పైగా మిగతావాళ్లకు తలుపు మూశారు అన్నాడు. ఆమె విననట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది. ఎట్టకేలకు పని నడుస్తుంటే ఇంకా ఏడుస్తాడేంటి వీడు అనుకుంది.

ఏడాది సుఖంగా గడిచింది. ఎంత సుఖమంటే ఆమెలో వచ్చిన మార్పు ఆమెకే తెలియలేదు. బల్ల మీద రెక్సిను చిరిగి మేకు బయటికొచ్చింది. ఒక ఆయమ్మ చీర చిరిగితే, చూసుకుని కూర్చోవాలి కదా అంది. ఒక్కోరోజు ఇంట్లో పని తెమలక ఆలస్యంగా బయల్దేరేది. జనం రోడ్డు పక్కన నిలబడే ఉండేవాళ్లు. ఇంకెక్కడికి పోతారు?

"సర్కారు బస్సులా తయారవుతున్నావు" అన్నాడు భర్త ఒకసారి, ముందు సీట్లో కూర్చుని.

"దిగి నడవండి" అంది.

ఆ వానాకాలంలోనే టోపీ వచ్చాడు. అతని పేరు ఎవరూ అడగలేదు. ఎప్పుడూ తలమీద ఖాకీ టోపీ ఉండేది, అదే పేరైంది. ఒకప్పుడు బడి బస్సు నడిపేవాడు, ఆ బడి మూతపడింది. నీలం రంగు వ్యాను, మెత్తని సీట్లు, పూర్తిగా మూసుకునే కిటికీలు. ఆమె కంటే కాస్త తక్కువ తీసుకుంటాడు. వానలో తడుస్తూ ఎదురుచూస్తున్నవాళ్లు మొదట మొహమాటపడ్డారు. రెండోరోజు ఒకళ్లిద్దరు ఎక్కారు. నెలాఖరుకు డ్రైవరమ్మ వ్యాను వెనక బల్ల ఖాళీ అయింది.

ఒక పొద్దున సిగ్నలు దగ్గర నీలం వ్యాను ఆమె పక్కనే ఆగింది. కిటికీ పక్కన పక్కింటి నర్సు, మొదటిరోజు తన వ్యాన్లో కూర్చున్న మనిషి, తల తిప్పుకుని ఫోను చూసుకుంటోంది. డ్రైవరమ్మ హారను గట్టిగా నొక్కింది.

తమ్ముడితో చెప్పుకుంటే వాడు సంబరపడ్డాడు. "చూశావా అక్కా, పోటీ అంటే ఇదే. నువ్వు సీటు బాగుచెయ్యి, వేళకి రా, వాళ్లే వస్తారు. ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టనక్కర్లేదు."

వాడు చెప్పింది నిజమని ఆమెకు తెలుసు. అందుకే వాడిని గరిటెతో కొట్టాలనిపించింది. "దారి చేసింది నేను. ఆవరణలో నిలబెట్టింది నా బండిని. వీడు తయారైన దార్లో తగుదునమ్మా అని వచ్చాడు. దానికేమంటావు?"

"దారి ఎవరి సొంతమూ కాదక్కా. నీ బండిని ఆపినప్పుడు మనమూ అదే అన్నాం."

మర్నాడు ఆమె బావగారి ఆఫీసుకు వెళ్లింది. ఈసారి ఆయన సంతోషంగా కుర్చీ చూపించాడు. "నేనే కబురు పెడదామనుకుంటున్నా. పర్మిట్ నీది. నువ్వు ఫిర్యాదు చేస్తే సాయంత్రానికి ఆ బండి మా ఆవరణలో ఉంటుంది. నువ్వు రాయి, నేను చెప్తా" అని తెల్ల కాగితం, పెన్ను ఇచ్చాడు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ప్రయాణికుల భద్రతకు ముప్పు. రాశావా? ఎక్కడ పడితే అక్కడ ఆపుతున్నాడు. ఇంకొకరి రూటు మీద…"

ఆమె పెన్ను ఆగింది. "బావగారూ, ఇవి నా మీద రాసిన మాటలే కదా."

"అవేనమ్మా. మా దగ్గర వేరే మాటలు లేవు."

"అతను ఎక్కడ పడితే అక్కడ ఆపట్లేదండీ. నాకంటే పద్ధతిగా ఆపుతున్నాడు. చెప్పాలంటే నాకు ఒళ్లంతా తేళ్లు పాకినట్టుంది. కానీ నిజం అదే."

"నిజం సంగతి విచారణలో తేలుతుంది. నువ్వు ముందు సంతకం పెట్టు."

ఆమె కాగితం వైపు చూసింది. ప్రయాణికుల భద్రతకు ముప్పు అని తన చేత్తోనే రాసి ఉంది. ఇంత కోపంలోనూ ఆమెకు బైపాసు మలుపులో దిగి నడిచిన నర్సుల వీపులు గుర్తొచ్చాయి. ఇప్పుడు సంతకం పెడితే మళ్లీ వాళ్లే దిగాలి. టోపీ కంటే ముందు వాళ్లు దిగాలి. పైగా ఆ తర్వాత వాళ్లు తన వ్యాను ఎక్కినా ఇష్టపడి ఎక్కరు, గతిలేక ఎక్కుతారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"పెట్టను బావగారూ."

"పెట్టనంటే ఎలా? పర్మిట్ ఉన్నవాళ్లు ఫిర్యాదు చేస్తేనే మేం బండి పట్టుకోగలం. నిబంధన అలా ఉంది."

"అందుకే పెట్టను."

ఆయన కళ్లజోడు తీసి టేబులు మీద పెట్టాడు. కోపం కంటే ఆయన మొహంలో అయోమయమే ఎక్కువ. ఇన్నేళ్ల ఉద్యోగంలో పర్మిట్ చేతిలో ఉంచుకుని ఎదుటివాడి మీద వాడుకోని మనిషిని చూడలేదన్నాడు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో పైఆఫీసును అడగాలన్నాడు.

"అడగండి" అని ఆమె లేచింది. మెట్లు దిగుతుంటే తన మీద తనకే చిరాకేసింది. పెట్టి ఉంటే ఒక్క సంతకంతో పోయేది. ఇప్పుడు సీట్లు కుట్టించాలి, వేకువనే లేవాలి, ఆ టోపీవాడి మొహం రోజూ చూడాలి.

ముందు ఆ మొహమే చూద్దామని ఆసుపత్రి గేటుకు వెళ్లింది. అతను నీలం వ్యాను అద్దం తుడుస్తున్నాడు. ఆమెను చూసి గుడ్డ భుజం మీద వేసుకుని నిటారుగా నిలబడ్డాడు.

"ఫిర్యాదు పెట్టారా మేడం?"

"పెట్టడానికే వెళ్లా. పెట్టలేదు."

"ఎందుకని?"

"నాకే తెలీదు. అడక్కు." మాట మార్చింది. "నువ్వూ ఆరింటికే, నేనూ ఆరింటికే. రెండు బండ్లూ సగం ఖాళీగా పోతున్నాయి. ఏడింటికి రావాల్సిన వంటవాళ్లేమో ఇప్పటికీ నడుస్తున్నారు. ఇదేం తెలివి మనది?"

అతను టోపీ తీసి తల గోక్కున్నాడు. "వంటవాళ్లు నన్ను అడిగారండీ. ఆరింటి జనం పోతారేమోనని భయపడ్డా."

"నేనూ అందుకే వదల్లేదు."

అలా గేటు దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. ఒక వారం ఆమె ఆరింటికి, అతను ఏడింటికి. మరో వారం తారుమారు. ఎవరి ధర వాళ్లిష్టం. ఆమె రెక్సిను మార్పించింది, మేకులు పీకించింది. వంటవాళ్లు నడవడం మానేశారు. పక్కింటి నర్సు ఒకరోజు ఏమీ జరగనట్టు ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. డ్రైవరమ్మ కూడా ఏమీ జరగనట్టే గేరు వేసింది.

ఈ ఏర్పాటు విని తమ్ముడు నెత్తి పట్టుకున్నాడు. "అక్కా, పోటీ చేయాల్సిన ఇద్దరూ కూడబలుక్కుని మార్కెట్టు పంచుకోవడం ఇది. ఇంతకంటే తప్పు ఇంకోటి లేదు."

"ఇద్దరు ఒప్పుకున్నాక మధ్యలో మూడోవాడికి ఏం పని అన్నది నువ్వే కదరా."

వాడు వెంటనే, "ప్రయాణికులు ఒప్పుకున్నారా మరి?" అన్నాడు.

"వచ్చి అడుగు."

నిజంగానే వచ్చాడు. మర్నాడు వ్యాన్లో కూర్చుని ధరల గురించి, వేళల గురించి ఒక్కొక్కరినీ అడిగాడు. ఒక ఆయమ్మ, "బాబూ, కాస్త జరిగితే ఇంకో మనిషి పడుతుంది" అంది. వాడు జరిగాడు.

ఆ ఆదివారం బావగారు ఇంటికొచ్చాడు. పైఆఫీసు నుంచి జవాబు వచ్చిందట. ఫిర్యాదు లేని చోట ఏం చెయ్యాలో తమకూ తెలియదని, ఇంకా పైకి రాశామని.

"అంటే ఇద్దరం నడపొచ్చా?" అంది డ్రైవరమ్మ.

"నడపొచ్చని ఎవరూ అనలేదు. కూడదనీ అనలేదు. పెండింగు."

"ఇది స్వేచ్ఛ కాదు. ఉత్త బద్ధకం" అన్నాడు తమ్ముడు.

"నిబంధనను అంత మాట అనకు" అన్నాడు బావగారు.

ఇద్దరూ ఒకరి మీద ఒకరు గొంతు పెంచారు. ఆమె భర్త టీ గ్లాసు దించి, అటూ ఇటూ చూసి, "గేటు దగ్గర ఇంకో కొత్త డ్రైవరు వాకబు చేస్తున్నాడు. పన్నెండు సీట్ల బండట" అన్నాడు.

ఇద్దరూ మాట ఆపి ఆమె వైపు తిరిగారు. ఏమంటుందోనని ఒకరికి ఆశ, ఒకరికి భయం. ఆమె పళ్లు కొరికింది. ఎవడు వాడు, ఇంకెక్కడా దారే దొరకలేదా అనుకుంది. ఆ మాట పైకి మాత్రం అనలేదు.

"వస్తే రానీ" అని లేచి, వైపరు సరిగ్గా తుడవట్లేదని గొణుక్కుంటూ షెడ్డులోకి వెళ్లింది.